ఫొటోలో వున్నది ఎవరు? — చుట్టరికాల లెక్కలు, చేసే పద్ధతి

మన వైపు ఇద్దరు కొత్తవాళ్ళు బస్సులో పక్కపక్కన కూర్చుంటే మొదటి ప్రశ్న "మీదే వూరు?" రెండోది "ఎవరి తాలూకు?" వెంకటాచలంలో బస్సెక్కిన ఆ యిద్దరూ నెల్లూరులో దిగేలోగా ఏదో ఒక దారిన బావాబావమరుదులో, వియ్యాలవారి తరపు మనుషులో అయి తీరతారు. "మా మేనత్త తోడికోడలి తమ్ముడు" అని ఎవరైనా అంటే, అక్షరమ్ముక్క రాని ముసలమ్మ గూడా కాగితం, కలం లేకుండా "అయితే నీకు మామ వరస" అని ఠకీమని తేల్చేస్తుంది.

అలాంటి యిళ్ళల్లో పుట్టి పెరిగిన పిల్లలు పోటీ పరీక్షలో చుట్టరికాల ప్రశ్న కనబడగానే బెదిరిపోతారు. కొన్నేళ్ళుగా సాయంత్రం పూట, మన కాకుటూరు చుట్టుపక్కల పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లల దగ్గర కూర్చుని రీజనింగు చెబుతున్నాను. ముత్తుకూరు, మనుబోలు, పొదలకూరు, తోటపల్లిగూడూరు వైపు నుంచి వచ్చిన పిల్లలు వాళ్ళు. చాలామంది తమ యింట్లో ప్రభుత్వోద్యోగానికి పరీక్ష రాస్తున్న మొదటివాళ్ళు. సంఖ్యల శ్రేణి యిస్తే చేస్తారు, గడియారం లెక్క యిస్తే చేస్తారు. "ఫొటోలోని వ్యక్తిని చూపిస్తూ ఒక స్త్రీ ఇలా అన్నది" అని మొదలయ్యే ప్రశ్న మాత్రం వదిలేసి పోతారు. చుట్టరికంలో పండిపోయిన జాతికి చుట్టరికపు ప్రశ్నంటే భయమెందుకు? నాకు తోచిన కారణమూ, దాన్ని దాటే పద్ధతీ ఈ వ్యాసంలో చెబుతాను.

ఇది చిన్న విషయమని కొట్టిపారేయడానికి లేదు. 2023లో ప్రకటించిన గ్రూప్-2 స్క్రీనింగ్ పరీక్ష పద్ధతిలో 150 మార్కులకు 150 నిమిషాలు. అంటే ప్రశ్నకి ఒక్క నిమిషం. అందులో 30 మార్కులు మెంటల్ ఎబిలిటీకే. తప్పు రాస్తే మూడోవంతు మార్కు కోత. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ 2023లో మల్టీ టాస్కింగ్ స్టాఫ్ పరీక్షను తెలుగుతో సహా 13 ప్రాంతీయ భాషల్లో రాయనిచ్చింది. అలా తెలుగులో చదువుకున్నవాళ్ళకి ఒక తలుపు తెరుచుకుంది. ఆ తలుపు దగ్గర ఒకటి రెండు మార్కుల తేడాతో ఆగిపోయినవాళ్ళెందరో మనకందరికీ తెలుసు.

మన మాటల్లో వున్న బలం

ఇంగ్లీషులో "అంకుల్" అంటే ఎవరు? తండ్రి అన్న కావచ్చు, తండ్రి తమ్ముడు కావచ్చు, తల్లి అన్నదమ్ముడు కావచ్చు, మేనత్త భర్త కావచ్చు, పెద్దమ్మ భర్త కావచ్చు. మనకి ఆ గందరగోళం లేదు. పెదనాయన, చిన్నాయన, మేనమామ అని పేరులోనే వయసూ వైపూ తెలిసిపోతాయి. "బ్రదర్ ఇన్ లా" అన్న ఒక్క మాటకి మన దగ్గర ఎన్ని మాటలున్నాయో చూడండి: అక్క భర్త బావ. భర్త అన్న బావగారు. భర్త తమ్ముడు మరిది. భార్య తమ్ముడు బావమరిది. భార్య అక్కచెల్లెళ్ళ భర్త తోడల్లుడు. "కజిన్" అన్న మాటకయితే మన భాషలో సరయిన మాటే లేదు. పెదనాయన కొడుకు మనకి అన్నే, పిన్నమ్మ కూతురు మనకి చెల్లెలే. మేనమామ కొడుకు, మేనత్త కొడుకు మాత్రం బావలు. వీళ్ళనీ వాళ్ళనీ ఒకే గాటన కట్టే మాట మనకు అవసరం పడలేదు.

దీన్ని చూసి ఆశ్చర్యపోయిన ఒక అమెరికా ప్లీడరు వున్నాడు. పేరు లూయీ హెన్రీ మోర్గన్. న్యూయార్కు రాష్ట్రంలో రోచెస్టర్ పట్టణంలో వుండేవాడు. అక్కడి ఆదివాసులైన సెనెకా జనం తండ్రి సోదరుణ్ణి గూడా తండ్రి అనీ, తల్లి అక్కచెల్లెళ్ళని గూడా తల్లి అనీ పిలవడం, మేనమామకీ మేనత్తకీ మాత్రం వేరే పేర్లు పెట్టుకోవడం గమనించాడు. ఇది వాళ్ళొక్కరి అలవాటా, ఇంకెక్కడైనా వుందా అని తెలుసుకోవడానికి రెండు వందల పైచిలుకు ప్రశ్నలు అచ్చు వేయించి దేశదేశాల మిషనరీలకీ అధికారులకీ పంపాడు. జవాబుల్లో తమిళం, తెలుగు, కన్నడం పట్టికలు గూడా వచ్చాయి. వాటిలోనూ అదే కట్టుబాటు కనబడింది! స్మిత్సోనియన్ సంస్థ 1871లో అచ్చువేసిన ఆయన పెద్ద గ్రంథంలో ఆ పట్టికలున్నాయి. బంధుత్వాన్ని ఒక శాస్త్రంగా చదవడం అక్కడి నుంచే మొదలయిందని చెప్పవచ్చు. మన అవ్వల నోట మెలిగే మాటలు ఆ శాస్త్రానికి పునాదిరాళ్ళలో కొన్ని. ఆ తరవాత 1953లో ఇరావతి కర్వే, 1981లో థామస్ ట్రౌట్‌మన్ దక్షిణదేశపు చుట్టరికాల మీద ప్రసిద్ధమైన పుస్తకాలు రాశారు.

ఈ యిద్దరూ చెప్పిన సారాంశం ఒకటే. మన వరసల వెనక మేనరికం వుంది. మేనమామ కూతుర్ని చేసుకుంటే మేనమామే మామగారు, ఆయన భార్యే అత్తగారు. అందుకే తల్లి అన్నదమ్ముణ్ణీ, భార్య తండ్రినీ ఒకే మాటతో "మామ" అంటున్నాం. ఆడబిడ్డ భర్త అన్న వరస ఎందుకయ్యాడు? మా అన్న మా బావ చెల్లెల్ని చేసుకుంటాడన్న లెక్క మీద. ఇంట్లో నిజంగా మేనరికం జరగకపోయినా సరే, పిలుపు మాత్రం జరిగినట్టే నడుస్తుంది. వెనక చెప్పిన ముసలమ్మ చేసింది గూడా ఇదే. మేనత్త మనకి అత్త. ఆమె తోడికోడలు గూడా అత్తే. అత్త అన్నదమ్ముడు మనకి నాయన వరస కావాలి గదా అని మీరడగవచ్చు. నిజమే, ఆ దారిన లెక్కిస్తే చిన్నాయనే అవుతాడు! "మామ" అన్నదంటే, ఆ యింటికీ యీ యింటికీ మధ్య ఇంకొక దారి ఆమెకు తెలుసన్నమాట. రెండు మూడు దారుల్లో తనకు నచ్చిన దారి పట్టుకోవడం మన వూళ్ళల్లో మామూలే.

అదే మాటల్లో వున్న గొయ్యి

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. పరీక్షలో మనకి అడ్డం పడుతున్నది గూడా యీ బలమే.

ఒకసారి తరగతిలో ఇలాంటి ప్రశ్న యిచ్చాను. "గీతకి రాజు మామ. రాజు కొడుకు వేణు. వేణు గీతకి ఏమవుతాడు?" జవాబులు నాలుగు: భర్త, మేనమామ కొడుకు, భర్త సోదరుడు, నిర్ధారించలేము. ఒక అమ్మాయి తడుముకోకుండా "మేనమామ కొడుకు" అన్నది. రాజు మేనమామే అని ఎక్కడుంది, భర్త తండ్రి కాకూడదా, మేనత్త భర్త కాకూడదా అని అడిగాను. "ఏ దారిన వచ్చినా బావే గదా సార్!" అన్నది.

ఆ అమ్మాయి చెప్పినదాంట్లో తెలుగు న్యాయం వుంది. మేనమామ కొడుకూ బావే, మేనత్త కొడుకూ బావే, భర్తా బావే, భర్త అన్నా బావగారే. (భర్త తమ్ముడొక్కడే మరిది.) బతుకులో ఆ జవాబు చాలు. పరీక్షలో చాలదు. ఎందుకంటే ప్రశ్నపత్రం అడిగేది వరసని కాదు, దారిని. మన మాట వరసను చెప్పి దారిని దాచేస్తుంది. అందుకని ఇక్కడ సరయిన జవాబు "నిర్ధారించలేము".

"తాత" అన్న మాటా అంతే. అంకుల్ దగ్గర అంత వివరంగా వున్న మన భాష తాత దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేసింది. నాయన నాయనా తాతే, అమ్మ నాయనా తాతే. హిందీలో దాదా, నానా అని వేరు చేశారు. మన వైపు కొన్ని యిళ్ళల్లో నాయన తండ్రిని అబ్బ అనీ, నాయన తల్లిని జేజి అనీ పిలుస్తారు గనుక వాళ్ళకి యీ చిక్కు లేదు. పాఠ్యపుస్తకపు తెలుగులో మాత్రం వుంది. ముస్లిం యిళ్ళ పిల్లలు ఇక్కడ మనకన్నా మెరుగు. తండ్రి తమ్ముడు చచా, తల్లి సోదరుడు మామూ, మేనత్త భర్త ఫూఫా, పిన్నమ్మ భర్త ఖాలూ. నాలుగు దారులకీ నాలుగు పేర్లు.

మూడో గొయ్యి అనువాదం. ప్రశ్నను ముందు ఇంగ్లీషులోనో హిందీలోనో తయారుచేసి తెలుగు చేస్తారు. అంకుల్‌ని "మామయ్య" అనీ, బ్రదర్ ఇన్ లాని "బావమరిది" అనీ రాసేస్తే అసలు ప్రశ్నలో లేని సమాచారం తెలుగులో వచ్చి చేరుతుంది. రెండు భాషల్లోనూ ప్రశ్న యిచ్చినప్పుడు చుట్టరికపు మాటని ఇంగ్లీషులో గూడా ఒకసారి చూసుకోండి. తేడా వస్తే సాధారణంగా ఇంగ్లీషు పాఠాన్నే ప్రమాణంగా తీసుకుంటారు.

నాలుగో గొయ్యి పేర్లు. కిరణ్, శశి, జ్యోతి, మణి, శేషు — వీళ్ళు ఆడా మగా? మన వూళ్ళో మనకు తెలిసిన శేషు మగవాడే కావచ్చు. ప్రశ్నలోని శేషు సంగతి ప్రశ్న చెప్పాలి. "కొడుకు", "భార్య", "కోడలు" అన్న మాటలు తప్ప పేరు సాక్ష్యం కాదు.

అయిదు మాటల పద్ధతి

దీనికి మందు ఒక డాక్టరు చెప్పాడు. డబ్ల్యు. హెచ్. ఆర్. రివర్స్ అనే ఆయన 1898లో కేంబ్రిడ్జి నుంచి ఒక బృందంతో ఆస్ట్రేలియాకీ న్యూగినీకీ మధ్యనున్న టోరెస్ జలసంధి దీవులకు వెళ్ళాడు. అక్కడి జనం అన్న, నాయన అనే మాటల్ని చాలామందికి వాడుతుంటే ఎవరెవరికి ఏమవుతారో ఆయనకి అంతు చిక్కలేదు. అప్పుడొక నియమం పెట్టుకున్నాడు: తండ్రి, తల్లి, బిడ్డ, భర్త, భార్య — ఈ అయిదు మాటలతోనే ప్రశ్నలు అడగాలి, మిగతా వరసలన్నీ వీటి మీద కట్టుకోవాలి. "నిన్ను కన్న తల్లి పేరేమిటి? ఆమెకి పుట్టిన బిడ్డలెవరు? వాళ్ళెవర్ని పెళ్ళాడారు?" ఇంతే. 1910లో యీ పద్ధతిని వివరిస్తూ వ్యాసం రాశాడు. అంతకు ముందే నీలగిరుల్లో తోడాల దగ్గర దీన్ని వాడి, 1906లో వచ్చిన పుస్తకంలో వాళ్ళ వంశవృక్షాలన్నీ అచ్చువేశాడు. తోడాలలో ఒక స్త్రీకి అన్నదమ్ములందరూ భర్తలుగా వుండే ఆచారం వుండేది. గర్భవతికి విల్లు యిచ్చే తంతు ఎవరు జరిపితే వాళ్ళే బిడ్డకు తండ్రి. అంత చిక్కు సమాజాన్నే అయిదు మాటల్లో పట్టుకోగలిగినప్పుడు పరీక్ష ప్రశ్న మనకొక లెక్కా?

పిల్లలకి నేను చెప్పే పద్ధతి ఇదే. కాగితం మీద మగవాళ్ళకి పక్కన కూడిక గుర్తు, ఆడవాళ్ళకి తీసివేత గుర్తు పెట్టండి. తెలియకపోతే ఏ గుర్తూ పెట్టవద్దు. ఖాళీగా వదలడం గూడా సమాచారమే. భార్యాభర్తల మధ్య జంట గీత. తల్లిదండ్రుల నుంచి బిడ్డకి నిలువు గీత. తోబుట్టువుల మధ్య అడ్డగీత. ఒక తరం వాళ్ళందరూ ఒకే మట్టంలో వుండాలి. తాత, మేనమామ, అత్త అన్న మాట వచ్చినప్పుడల్లా దాన్ని అయిదు మాటల్లోకి విప్పి గాని గీత గీయకూడదు. రెండు రకాలుగా విప్పడానికి వీలుంటే రెండు బొమ్మలు గీయండి. రెండింట్లోనూ ఒకే జవాబు వస్తే అది రాయండి. వేర్వేరు జవాబులొస్తే "నిర్ధారించలేము".

మొదటి లెక్క. ఫొటోలోని అబ్బాయిని చూపిస్తూ మస్తానయ్య అన్నాడు: "మా తాతకి ఒక్కడే కొడుకు. ఆ కొడుకు కూతురికి పుట్టినవాడు వీడు." అబ్బాయి మస్తానయ్యకి ఏమవుతాడు?

"మా" అన్న మాట దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్క మెట్టే ఎక్కాలి. తాత అంటే నాయన నాయన అనుకుందాం. ఆయనకున్న ఒక్క కొడుకూ మస్తానయ్య నాయనే. ఆ నాయన కూతురు మస్తానయ్యకి అక్కో చెల్లెలో. ఆమె కొడుకు మేనల్లుడు. ఇప్పుడు తాత అంటే అమ్మ నాయన అనుకుందాం. ఆయన ఒక్క కొడుకు మేనమామ. మేనమామ కూతురు మస్తానయ్యకి వదినో మరదలో. ఆమె కొడుకు మేనల్లుడు కాడు. రెండు బొమ్మలు, రెండు జవాబులు. కాబట్టి ప్రశ్నలో "తండ్రి తండ్రి" అని స్పష్టంగా వుంటేనే మేనల్లుడని రాయాలి. ఇంగ్లీషు పాఠంలో ఆ మాట సాధారణంగా వుంటుంది, తెలుగులోకి వచ్చేటప్పుడు జారిపోతుంది.

రెండో లెక్క, గుర్తులతో వచ్చేది. "క ÷ చ" అంటే క చకి కూతురు. "చ − ట" అంటే చ టకి భార్య. "ట × త" అంటే ట తకి సోదరుడు. అయితే "క ÷ చ − ట × త" లో త కకి ఏమవుతారు?

బొమ్మ గీయండి. చ, ట భార్యాభర్తలు. వాళ్ళ కూతురు క. ట పక్కన అడ్డగీత గీసి త. టకి కూడిక గుర్తు, చకి, కకి తీసివేత గుర్తులు పడ్డాయి. తకి? ఏదీ పడలేదు. ట సోదరుడన్నారే గాని, త సోదరుడో సోదరో చెప్పలేదు. మగయితే పెదనాయనో చిన్నాయనో, ఆడయితే మేనత్త. తరగతిలో సగం మంది "చిన్నాయన" అని రాస్తారు. "ట తకి సోదరుడు" అన్న వాక్యం చదవగానే మన మనసులో ఇద్దరు మగపిల్లలు నిలబడతారు. బొమ్మలో ఖాళీని ఖాళీగా వదిలిన వాళ్ళు మాత్రమే గెలుస్తారు.

మూడో లెక్క కొంచెం పెద్దది. ఒక యింట్లో ఆరుగురున్నారు: శేషు, శశి, మణి, జ్యోతి, కిరణ్, సాయి. వాళ్ళలో రెండే జంటలు. శశి మణికి కోడలు. శశి భర్త రొయ్యల రైతు. సాయి శశి కూతురు, కాలేజీలో చదువుతున్నది. కిరణ్, సాయి తోబుట్టువులు. జ్యోతి కిరణ్‌కి తాత, స్టేషన్ మాస్టరుగా రిటైరయ్యాడు. రొయ్యల రైతు ఎవరు? మణి ఆడా మగా? కిరణ్ శేషుకి ఏమవుతాడు?

గట్టి వాక్యం నుంచి మొదలుపెట్టాలి. కోడలంటే కొడుకు భార్య. కనుక శశి స్త్రీ, మణి పై తరం. శశి భర్త ఎవరు? మణి కాదు, అత్తో మామో గనుక. సాయి, కిరణ్ శశి బిడ్డలు, వాళ్ళు కాదు. జ్యోతి కిరణ్‌కి తాత, పైగా స్టేషన్ మాస్టరు, కాదు. మిగిలింది శేషు. రొయ్యల రైతు శేషే. రెండో జంటలో అన్నాచెల్లెళ్ళుండరు గనుక అది మణి, జ్యోతి. జ్యోతి తాత గనుక మగవాడు. అంటే మణి ఆడమనిషి. పేర్లు చూసి జ్యోతిని నాయనమ్మనీ, మణిని తాతనీ చేసినవాళ్ళ బొమ్మ ఇక్కడ తలకిందులవుతుంది. ఇక కిరణ్ శేషుకి కొడుకా కూతురా? "ఏమవుతాడు" అని అడిగారు గదా అని కొడుకంటారు కొందరు. వాక్యంలోని క్రియను పట్టుకుని జవాబు రాయకూడదు. అది అనువాదకుడు వేసిన క్రియ కావచ్చు. కిరణ్ పక్కన మన బొమ్మలో గుర్తు లేదు. జవాబుల్లో "బిడ్డ" అని వుంటే అది, లేకపోతే "నిర్ధారించలేము".

విక్రమార్కుడు మౌనం వహించిన లెక్క

చుట్టరికాల లెక్కల్లో మన దేశంలో అన్నిటికన్నా పేరుమోసినది భేతాళుడు అడిగిన చివరి చిక్కు ప్రశ్న. పదకొండో శతాబ్దంలో కాశ్మీరంలో సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంలో గూడా యీ కథ వుంది. ఒక రాజూ, అతని కొడుకూ అడవిలో ఇద్దరు స్త్రీల అడుగుజాడలు చూస్తారు. పెద్ద పాదాలామెని తండ్రీ, చిన్న పాదాలామెని కొడుకూ పెళ్ళాడాలని ముందే మాట అనుకుంటారు. తీరా చూస్తే వాళ్ళు తల్లీకూతుళ్ళు. పెద్ద పాదాలు కూతురివి! మాట తప్పకూడదు గనుక తండ్రి కూతుర్నీ, కొడుకు తల్లినీ చేసుకుంటారు. వాళ్ళకి పుట్టిన బిడ్డలు ఒకరికొకరు ఏమవుతారని భేతాళుడి ప్రశ్న. అంతవరకూ ప్రతి చిక్కూ విప్పిన రాజు దీనికి మాత్రం నోరు మెదపలేదు.

మన పద్ధతిలో చేసి చూద్దాం. ఇద్దరికీ మగపిల్లలే పుట్టారనుకోండి. రాజుకీ కూతురికీ పుట్టినవాడు రాముడు. రాకుమారుడికీ తల్లికీ పుట్టినవాడు భీముడు. రాముడి తండ్రి రాజు. భీముడి తండ్రి ఆ రాజు కొడుకే. అంటే రాముడు భీముడి తండ్రికి తమ్ముడు, భీముడికి చిన్నాయన. ఇప్పుడు తల్లుల వైపు చూడండి. రాముడి తల్లి ఎవరి కూతురో, భీముడు గూడా ఆమె కొడుకే. అంటే భీముడు రాముడి తల్లికి తమ్ముడు, రాముడికి మేనమామ. ఒకడు చిన్నాయన, రెండోవాడు మేనమామ! చిన్నాయనకి ఎదుటివాడు కొడుకు వరస కావాలి, మేనమామకి ఎదుటివాడు మేనల్లుడు కావాలి. వరసలు కలవవు. ఒక్క మాటలో జవాబు చెప్పమంటే ఎవడు మాత్రం చెబుతాడు? రాజు మౌనం ఓటమి కాదు. అది మన "నిర్ధారించలేము" జవాబే.

అయిదు మాటల్లో అయితే ఏ చిక్కూ లేదు. రెండు దారులూ నిజమే, రెండూ కాగితం మీద గీయవచ్చు. పరీక్ష రాసేవాళ్ళు గుర్తుంచుకోవలసిందొకటి వుంది. ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్ళు ఇలాంటి ముడి వేయరు. వాళ్ళ చెట్టుకి కొమ్మలు విడిపోతాయే గాని మళ్ళీ కలవవు. మన యిళ్ళల్లో మేనరికాలూ, మేనమామని చేసుకోవడాలూ వున్నాయి గనుక కొమ్మలు కలుస్తాయి. యింటి అనుభవాన్ని హాల్లోకి తీసుకుపోకండి. యిచ్చిన గీతలే గీయండి.

పరీక్ష తరవాత

ఇదంతా ఉద్యోగం సంపాదించే వరకేనా, ఆ తరవాత దీనితో పనేముంది అని ఒక విద్యార్థి అడిగాడు. న్యాయమైన ప్రశ్న. కాని ఉద్యోగం వచ్చాకే దీనితో అసలు పని.

చట్టం వరసల్ని నమ్మదు, దారుల్నే నమ్ముతుంది. 1955 నాటి హిందూ వివాహ చట్టం దగ్గరి బంధువుల మధ్య పెళ్ళిని నిషేధిస్తూ, ఆచారం వున్నచోట మినహాయింపు యిచ్చింది. మన మేనమామ పెళ్ళిళ్ళు ఆ మినహాయింపు మీదనే నిలబడ్డాయి. సపిండులెవరో తేల్చడానికి తండ్రి వైపు అయిదు తరాలు, తల్లి వైపు మూడు తరాలు మెట్లు లెక్కబెడుతుంది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలో చనిపోయిన మగవాడి మొదటి తరగతి వారసుల్లో కొడుకు, కూతురు, భార్య, తల్లి వున్నారు. తండ్రి రెండో తరగతిలో వున్నాడు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు మన రాష్ట్రంలో 1986 నాటి సవరణతో, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా వచ్చింది. దేశమంతటికీ 2005లో వచ్చింది. వీటిలో ఎక్కడా "వరసకి కూతురు", "వరసకి తమ్ముడు" అన్న మాట లేదు.

రేపు మీలో ఒకరు గ్రామ రెవెన్యూ అధికారో, తహశీల్దారు కచేరీలో గుమస్తానో అవుతారు. భర్త పోయిన ఒక స్త్రీ కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కోసం మీ బల్ల ముందుకి వస్తుంది. "యీయన ఎవరమ్మా?" అంటే "మా మామ" అంటుంది. ఆయన ఆమె భర్త తండ్రా, తల్లి తమ్ముడా? "వీడు మా అబ్బాయి" అంటుంది. కన్న కొడుకా, చెల్లెలి కొడుకా? ఆమె అబద్ధం చెప్పడం లేదు. తెలుగులో నిజమే చెబుతున్నది. ఆ తెలుగుని తండ్రి, తల్లి, బిడ్డ, భర్త, భార్య అన్న మాటల్లోకి విప్పి రాసుకోవడం మీ పని. మీరు తొందరలో ఒక గీత తప్పు గీస్తే ఆమెకి రావలసిన పింఛనో, సెంటు భూమో ఏళ్ళ తరబడి ఆఫీసుల చుట్టూ తిరుగుతుంది. పరీక్షలో అయితే పోయేది మార్కులో మూడోవంతు.

అందుకని విద్యార్థులకి ఒక అభ్యాసం చెప్పి ముగిస్తాను. గైడు పుస్తకాల్లోని యాభై ప్రశ్నలు చేసే ముందు, యీ సంక్రాంతి సెలవుల్లో మీ యింటి చుట్టరికం నాలుగు తరాలు గీయండి. అయిదు మాటలే వాడండి. జేజినో అమ్మమ్మనో పక్కన కూర్చోబెట్టుకుని, "ఆమె నీకు ఏమవుతుంది?" అని కాకుండా "ఆమెని కన్నది ఎవరు? ఆమె ఎవరిని పెళ్ళాడింది?" అని అడగండి. మేనరికం వున్నచోట గీతలు తిరిగి వచ్చి కలుసుకుంటాయి. కలిసిన ప్రతి చోటా ఒక మనిషిని మీరు రెండు వరసలతో పిలవవచ్చు. ఆ రెండింట్లో మీ యింట్లో ఏది వాడుతున్నారో, ఎందుకు వాడుతున్నారో పక్కన రాసుకోండి. ఆ కాగితం పూర్తి చేసినవాళ్ళకి ప్రశ్నపత్రంలోని ఆరుగురి కుటుంబం చాలా తేలిగ్గా కనబడుతుంది. పెద్దవాళ్ళు వుండగానే ఆ పని చేయండి. యింట్లో అందరినీ అంకుల్, ఆంటీ అని పిలిచే తరం వచ్చాక అడగడానికి మనుషులుండరు.